జామగి నుంచి బ్యాటరీ వరకు: ఆదోని - ఎమ్మిగనూరు ప్రాంత తుపాకి చరిత్రలో సన్నద్ధత సమస్య

వ్యాససంగ్రహం:

తుపాకి చరిత్రను సాధారణంగా గొట్టం, గుండు, యుద్ధ ఫలితం అనే మూడింటి ఆధారంగా చెబుతారు. తుపాకిని పేలడానికి సిద్ధంగా నిలిపి ఉంచే చిన్న వస్తువుకు ఆ కథనంలో చోటు తక్కువ. ఒకప్పుడు ఆ వస్తువు జామగి. తరువాత చెకుముకిరాయి, ఆపైన టోపీ మందు వచ్చాయి. నేటి రైఫిళ్లపై అమర్చే ఎర్ర చుక్క గురిసాధనంలో ఆ స్థానం బ్యాటరీది. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాన్ని కేంద్రంగా చేసుకొని, 1520 నుంచి నేటి వరకు ఈ చిన్న వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతకాలం నిలిచింది, ఎవరి అదుపులో ఉంది అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎర్ర చుక్క గురిసాధనం స్వభావరీత్యా చెకుముకి తుపాకికి కాక, అంతకంటే పాతదైన జామగి తుపాకికే దగ్గరి బంధువు అన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: ఆదోని, ఎమ్మిగనూరు, దత్తమండలాలు, జామగి, చెకుముకి, పాలెగాండ్రు, ఆయుధ చట్టం, ఎర్ర చుక్క గురిసాధనం, బ్యాటరీ.

1. ఉపోద్ఘాతం

ఆయుధం చేతిలో ఉండడం వేరు, అది ఆ క్షణాన పనిచేయడం వేరు. బాణం ఎక్కుపెట్టినవాడికి ఈ రెంటి మధ్య ఎడం కండబలంతో తీరిపోతుంది. తుపాకి పట్టినవాడికి బయటి నిప్పు కావాలి. ఆ నిప్పును శత్రువు కనబడే వరకు కాపాడుకోవాలి. శత్రువు ఎప్పుడు వస్తాడో తెలియదు కనుక కాపలా గంటలు, రోజులు సాగుతుంది. ఈ నిరీక్షణలోనే కొంత ఖర్చవుతుంది. పేల్చినప్పుడు అయ్యే ఖర్చును ప్రయోగ వ్యయం అంటే, పేల్చకుండా వేచి ఉన్నప్పుడు అయ్యే ఖర్చును నిరీక్షణ వ్యయం అనవచ్చు. ఈ వ్యాసంలోని చర్చ అంతా ఈ రెండు భావనల మీద ఆధారపడింది.

ఆదోని ఈ పరిశీలనకు అనువైన ప్రాంతం. విజయనగరం, బిజాపూరు, మొగలాయి, నిజాం, మైసూరు, ఇంగ్లీషు అధికారాలు ఒకదాని తరువాత ఒకటి ఈ కోటను కోరుకున్నాయి. కోట చుట్టూ నల్లరేగడిలో పత్తి పండింది. పొరుగునే ఉన్న ఎమ్మిగనూరు నేతకు పేరుపొందింది. తుపాకి నిప్పును నిలిపిన తొలి సాధనం నూలుతాడే కావడం వల్ల ఈ ప్రాంతపు పంటకూ ఆయుధ చరిత్రకూ ఒక ముడి ఏర్పడింది.

2. పదాలు చెప్పే చరిత్ర

తుపాకి పరిభాషలో రెండు పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. వస్తువుల పేర్లు చాలావరకు పశ్చిమాసియా నుంచి సైన్యాల వెంట వచ్చాయి. 'తుపాకి' తురుష్క భాషా పదానికి రూపాంతరం. 'ఫిరంగి' పాశ్చాత్యులను సూచించే పేరు నుంచి ఆయుధానికి సంక్రమించింది. తుపాకి మందును అంటించే వత్తికి వాడిన 'జామగి' పారసీ, హిందుస్తానీల ద్వారా తెలుగులోకి చేరింది. 'తూటా' కూడా అలా వచ్చినదే. పదార్థాల పేర్లు, క్రియల పేర్లు మాత్రం దేశ్యాలు. మందు, గుండు, గురి, చెకుముకి అనే మాటలు తుపాకి రాకముందే తెలుగులో ఉన్నాయి. వైద్యుని మందు, వేటగాని గురి, పశువుల కాపరి చెకుముకి తుపాకి దగ్గరకు వచ్చి కొత్త అర్థాలను పొందాయి. యంత్రం బయటిదైనా, దాన్ని బతికించే పదార్థం ఊరిదే అన్న సంగతిని ఈ పదజాలం సూచిస్తుంది.

'బ్యాటరీ' అనే మాట చరిత్ర ఇంకా ఆసక్తికరమైనది. కొట్టడం అనే అర్థంగల ఫ్రెంచి ధాతువు నుంచి పుట్టిన ఈ పదం మొదట వరుసగా నిలిపిన ఫిరంగుల సమూహానికి పేరు. చెకుముకి తుపాకిలో రాయి వచ్చి తగిలే ఉక్కు రేకును కూడా ఫ్రెంచివారు అదే పేరుతో పిలిచారు. 18వ శతాబ్ది మధ్యలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తును నిలవచేసే గాజు సీసాలను వరుసగా కలిపి, ఫిరంగుల వరుసతో పోలుస్తూ ఆ కూర్పుకు ఈ పేరు పెట్టాడు. తెలుగు పల్లెల్లో టార్చిలైటునే 'బ్యాటరీ' అనడం ఈ అర్థయాత్రలో మరో మజిలీ. కాబట్టి రైఫిల్ మీదకు చేరిన బ్యాటరీ తుపాకులకు కొత్త చుట్టం కాదు. ఆ పేరు పుట్టిందే ఫిరంగుల మధ్య.

3. జామగి కాలం

ఆదోనికి ఉత్తరంగా డెబ్భై కిలోమీటర్ల లోపునే ఉన్న రాయచూరు కోటను 1520లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించాడు. క్రిస్టోవావో ద ఫిగెరేదో అనే పోర్చుగీసువాడు కొద్దిమంది తుపాకిదారులతో ఆ ముట్టడిలో పాల్గొన్నాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ తన వృత్తాంతంలో రాశాడు. గోడ మీద తల ఎత్తిన కోటవాసులను ఆ తుపాకిదారులు గురిచూసి కొట్టడం వల్ల, కింద ఉన్న విజయనగర భటులు గోడ రాళ్లను ఊడబెరకగలిగారు. తుపాకి విలువ ఇక్కడ కాల్పుల సంఖ్యలో లేదు. శత్రువు తల ఎత్తే వరకు ఓపికగా గురి నిలిపి ఉంచడంలో ఉంది. అంతసేపూ జామగి కాలుతూనే ఉండాలి.

1565లో తళ్లికోట యుద్ధం తరువాత కొన్నేళ్లకే ఆదోని బిజాపూరు సుల్తానుల వశమైంది. సిద్ది మసూద్ ఖాన్ పాలనలో జామా మసీదు వెలసింది. 1680ల చివర ఔరంగజేబు సైన్యం కోటను పట్టుకుంది. బారాఖిల్లా, తాలిబండ వంటి కొండలను కలుపుతూ సాగిన ఈ దుర్గంలో కాపలా అంటే విశాలమైన ప్రాకారం పొడవునా రాత్రింబవళ్లు మనుషులను నిలపడమే. అంత పొడవున నిప్పు ఆరకుండా చూడడం కోట నిర్వహణలో నిత్యకృత్యం.

4. జామగి లెక్క

జామగి తయారీ సూత్రం సులభం. పత్తినూలుతోగాని, నారతోగాని తాడు పేని, సూరేకారం కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేస్తారు. అది మంట లేకుండా, నివురుగప్పిన నిప్పులా నెమ్మదిగా రాజుకుంటూ పోతుంది. తుపాకి మీట నొక్కగానే ఆ నిప్పుకొన గిన్నెలోని మందును తాకుతుంది.

ఇలాంటి వత్తి గంటకు సుమారు 10 సెంటీమీటర్లు కాలుతుంది. ఈ లెక్కన పన్నెండు గంటల రాత్రి కాపలాకు ఒక్క మనిషికి 120 సెంటీమీటర్లు, ఏడాదికి దాదాపు 440 మీటర్లు కావాలి. నూరుమంది కాపలాదారులకు ఏడాదికి 44 కిలోమీటర్ల జామగి అవసరం. ఒక్క గుండు పేలకపోయినా ఈ ఖర్చు తప్పదు. ఒక కొన ఆరితే రెండోది ఉంటుందని రెండు కొనలనూ అంటించి ఉంచితే ఖర్చు రెట్టింపవుతుంది. అందువల్లనే కాపలాలో ఒకరిద్దరి జామగి మాత్రమే వెలిగించి, ప్రమాద సూచన రాగానే మిగిలినవారు దాని నుంచి అంటించుకొనే పద్ధతి పలు సైన్యాలలో ఉండేది. వెలిగించి ఉంచితే తరుగు, ఆర్పితే ఆలస్యం. జామగి తుపాకి ఈ బేరంలో బందీ.

దీనికి మరి రెండు లోపాలున్నాయి. వాన, గాలి నిప్పును ఆర్పుతాయి. చీకట్లో ఎర్రటి కొన కాపలాదారు ఉనికిని బయటపెడుతుంది. అయితే సాధారణంగా ఏడాదికి 700 మిల్లీమీటర్లకు లోపే వాన కురిసే ఈ మెట్టప్రాంతంలో మొదటి లోపం ప్రభావం తక్కువ. పైగా జామగికి కావలసిన పత్తి ఊరిలోనే పండుతుంది. చవుటి మట్టిని కడిగి, మరగించి లవణాలను తీసే విద్య ఉప్పర వృత్తికారులకు తరతరాలుగా తెలుసు. తుపాకి గొట్టం పాడైతే కమ్మరి బాగుచేయగలడు. ఈ కారణాల వల్ల జామగి తుపాకి పట్టిన పాలెగాని భటుడు నిప్పు కోసం రాజధాని మీదగాని, రేవుపట్టణం మీదగాని ఆధారపడవలసిన అవసరం లేకపోయింది. తరువాతి కాలంలో యూరపు తుపాకుల ముందు వెనుకబడినదిగా కనబడిన ఈ ఆయుధం దీర్ఘకాలం నిలవడానికి ఈ స్వావలంబన ఒక ముఖ్యకారణం.

5. చెకుముకి, సముద్రతీరం

చెకుముకి తుపాకి నిరీక్షణ వ్యయాన్ని దాదాపు సున్నా చేసింది. మీట నొక్కినప్పుడే రాయి ఉక్కును కొడుతుంది. నిప్పురవ్వ ఆ క్షణంలోనే పుడుతుంది. వేచి ఉన్నంతసేపు ఏదీ కాలదు. చీకట్లో మెరుపు లేదు, వాసన లేదు. ఖర్చు మాత్రం మరో చోటికి మారింది. ఒక రాయి ఇరవై ముప్పై కాల్పులకు మొద్దుబారుతుంది. యూరపు సైన్యాలకు కావలసిన మేలైన రాయి ఇంగ్లండులోని బ్రాండన్ వంటి చోట్ల, ఫ్రాన్సులో తవ్వి చెక్కేవారు. ఆ రాతితోపాటు తాళపు భాగాలు, వాటి తీగచుట్టలు, బాగుచేసే పనివారు కూడా కావాలి.

ఈ మార్పు రాజకీయ ఫలితాన్ని ఆదోనిలోనే చూడవచ్చు. నిజాం సోదరుడు బసాలత్ జంగ్ ఆదోని జాగీర్దారుగా ఉంటూ, లాలీ అనే ఫ్రెంచి అధికారి ఆధ్వర్యంలో ఒక దళాన్ని పోషించాడు. గుంటూరు సర్కారు కూడా అతని అధీనంలోనే ఉండేది. ఆ సర్కారులోని మోటుపల్లి రేవు ఫ్రెంచి సైనిక సరుకులకు ద్వారమైంది. ఆదోనికి, మోటుపల్లికి మధ్య దూరం మూడువందల కిలోమీటర్లకు పైమాటే. ఇంగ్లీషువారు 1779లో బసాలత్ జంగ్‌తో ఒప్పందం చేసుకొని, ఫ్రెంచివారిని తొలగించాలని, గుంటూరును తమకు అప్పగించాలని కోరడంలోని ఆంతర్యం ఇదే. ఆదోని కొండపై ఉన్న సిపాయి తుపాకి పేలాలా వద్దా అన్నది తూర్పుతీరంలోని ఒక రేవులో నిర్ణయమయ్యే స్థితి వచ్చింది. లాలీ దళం తరువాత హైదరాలీ పక్షాన పోరాడింది.

బసాలత్ జంగ్ 1782లో మరణించాడు. 1786లో టిప్పు సుల్తాన్ ఆదోనిని సుమారు నెలరోజులు ముట్టడించాడు. కోటలోని నిజాం బంధువర్గాన్ని కాపాడడానికి నిజాం, మరాఠా సైన్యాలు వచ్చాయి. వానలకు తుంగభద్ర పొంగితే తిరుగుదారి మూసుకుపోతుందన్న భయంతో వారు ఆ కుటుంబాన్ని నది దాటించి కోటను వదిలేశారు. టిప్పు ప్రాకారాలను కూలగొట్టించి, ఫిరంగులను, సామగ్రిని గుత్తికి తరలించాడు. తుపాకులను సొంత కర్మాగారాలలో, ఫ్రెంచి పనివారి సాయంతో తయారు చేయించుకున్న పాలకుడు ఒక కోట బలాన్ని తీసేయడానికి గోడలతోపాటు నిలవ సరుకునూ తరలించడం గమనింపదగింది.

6. నిరాయుధీకరణ

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చాడు. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు పనిచేసిన థామస్ మన్రోకు ఎదురైనవారు సుమారు 80 మంది పాలెగాండ్రు, వారి కింద దాదాపు 30,000 మంది సాయుధ భటులు. 1801లో ఆదోని ప్రాంతంలోని తెర్నేకల్లులో శిస్తు విషయమై తిరుగుబాటు చెలరేగినప్పుడు, ఒక గ్రామాన్ని లొంగదీయడానికి కంపెనీ సైన్యాన్ని పంపవలసి వచ్చింది.

మన్రో పాలెగాండ్ర అధికారాన్ని తొలగించి, కొందరికి భత్యాలు ఏర్పాటు చేశాడు. కట్టుబడి భటులలో కొందరు చిన్న ఇనాములతో కావలి పనిలోకి మారారు. ఈ భటవర్గంలో పెద్దభాగం బోయలు. వేట, కావలి, యుద్ధం వారికి వృత్తులు. తుపాకి పోవడంతో వారికి పోయింది ఆయుధం ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న జీవిక కూడా. గ్రామాలలో మందు నూరే చేయి, వత్తి పేనే చేయి, తాళం సరిచేసే చేయి క్రమంగా పనిలేనివయ్యాయి.

సాంకేతిక మార్పు ఈ పనిని పూర్తిచేసింది. 19వ శతాబ్ది ద్వితీయ పాదం నుంచి చెకుముకి స్థానంలో టోపీ మందు వచ్చింది. పాదరసంతో చేసే ఆ పేలుడు రసాయనాన్ని ఊరి కమ్మరి కొలిమిలో చేయలేడు. తరువాత వచ్చిన లోహపు తూటా మరింత దూరమైన కర్మాగారపు సరుకు. 1871 నాటికి మద్రాసు - బొంబాయి రైలుమార్గం ఆదోని మీదుగా పూర్తయింది. పత్తి బేళ్లు మిల్లులకు పోయాయి, కర్మాగారపు సరుకు ఊళ్లకు వచ్చింది. 1878 ఆయుధ చట్టం ఆయుధానికి, మందుగుండుకు అనుమతిపత్రాన్ని తప్పనిసరి చేసింది. సీసం, గంధకం, సూరేకారం వంటి పదార్థాలను సైతం అవసరమైన చోట సైనిక సామగ్రిగా ప్రకటించి అదుపు చేసే అవకాశాన్ని ఆ చట్టం ప్రభుత్వానికిచ్చింది. జామగిని ఊరిలో తయారు చేయగలిగిన మనిషి ప్రభుత్వానికి ఎందుకు ఇబ్బందో చట్టం రాసినవారికి తెలుసు. చవుటి ఉప్పు తయారీ కూడా ఆ శతాబ్దం చివరిభాగంలో అణచివేతకు గురైంది. పత్తినూలుకు ఎమ్మిగనూరులో మిగిలిన గౌరవప్రదమైన మార్గం మగ్గమే. 1938లో మాచాని సోమప్ప కృషితో ఏర్పడిన చేనేత సహకార సంఘం ఆ మగ్గాన్ని కొత్త శతాబ్దంలో నిలబెట్టింది.

7. ఎర్ర చుక్క: మళ్లీ ఆరని నిప్పు

తూటా వచ్చిన తరువాత సుమారు నూరేళ్లపాటు సైనికుని చేతిలోని రైఫిల్‌కు నిరీక్షణ వ్యయం లేదు. మందు, టోపీ, గుండు ఒకే గొట్టంలో మూతబడి ఏళ్ల తరబడి వేచి ఉండగలవు. ఈ స్థితిని మార్చింది పేల్చే యంత్రం కాదు, గురిచూసే యంత్రం. స్వీడనులో 1974లో ఏర్పడిన ఎయిమ్‌పాయింట్ సంస్థ మరుసటి ఏడాది తొలి ఎలక్ట్రానిక్ ఎర్ర చుక్క గురిసాధనాన్ని విడుదల చేసింది. ఇందులో సూక్ష్మమైన దీపం వెలువరించే ఎర్ర కాంతి వంపుగల అద్దం మీద పరావర్తనం చెంది, చూసేవాని కంటికి దూరాన లక్ష్యం మీద చుక్కలా కనబడుతుంది. ఆ కాంతి లక్ష్యాన్ని చేరదు, చూసేవాని కంటికే చేరుతుంది. వెనుక గురినీ ముందు గురినీ లక్ష్యంతో కలుపుకొనే శ్రమ తప్పి, రెండు కళ్లూ తెరిచి వేగంగా గురిచూడవచ్చు. 1990ల చివరినాటికి అమెరికా సైన్యం ఈ తరహా సాధనాన్ని స్వీకరించింది.

తెలుగునేల మీద ఆయుధ దృశ్యసాధనాల పరిశ్రమ మచిలీపట్నంలో వేళ్లూనింది. 1926లో స్థాపితమైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో భాగమై, రాత్రిచూపు సాధనాలకు కేంద్రమైంది. సైనికుని కంటికి విద్యుత్తు తోడైన ఈ దశలో సన్నద్ధత ప్రశ్న కొత్తరూపంలో తిరిగి వచ్చింది.

ఎర్ర చుక్కను అవసరమైన క్షణంలో వెలిగించుకోవచ్చు. కాని ఆ క్షణంలో మీట కోసం వెతికే వ్యవధి ఉండదు. అందువల్ల దాన్ని వెలిగించే ఉంచాలి. వెలిగి ఉన్నంతసేపు బ్యాటరీ తరుగుతుంది. ఆర్పితే ఆలస్యం, వెలిగిస్తే తరుగు. ఆదోని ప్రాకారం మీది కాపలాదారు ఎదుర్కొన్న బేరం ఇదే. ఈ అర్థంలో ఎర్ర చుక్క గురిసాధనం చెకుముకిని దాటి జామగి దగ్గరకు తిరిగి వెళ్లింది. కదలిక లేనప్పుడు తానే ఆరిపోయి, తుపాకిని కదిలించగానే వెలిగే ఆధునిక ఏర్పాటు సైతం, ఒకరి జామగి వెలిగించి ఉంచి మిగిలినవారివి ఆర్పే పాత పొదుపుకు యంత్రరూపమే.

8. బిళ్ల సెల్లు, పెన్సిల్ సెల్లు

చిన్న గురిసాధనాలలో ప్రధానంగా రెండు రకాల సెల్లుల మధ్య ఎంపిక ఉంటుంది. ఒకటి సీఆర్2032 అనే లిథియం బిళ్ల సెల్లు. దాని పేరులోని అంకెలే 20 మిల్లీమీటర్ల వ్యాసాన్ని, 3.2 మిల్లీమీటర్ల మందాన్ని తెలుపుతాయి. బరువు సుమారు 3 గ్రాములు. రెండోది ఏఏ పరిమాణపు ఆల్కలైన్ పెన్సిల్ సెల్లు. బరువు సుమారు 23 గ్రాములు. బిళ్ల సెల్లులో దాదాపు 225 మిల్లీఆంపియర్ గంటలు 3 వోల్టుల వద్ద, పెన్సిల్ సెల్లులో దాదాపు 2,500 మిల్లీఆంపియర్ గంటలు 1.5 వోల్టుల వద్ద నిలవ ఉంటాయి. శక్తిగా లెక్కిస్తే పెన్సిల్ సెల్లులో ఐదున్నర రెట్లు ఎక్కువ. గ్రాముకు లెక్కిస్తే బిళ్ల సెల్లుదే పైచేయి.

తయారీదారు ప్రకటన ప్రకారం 2007లో వచ్చిన ఎయిమ్‌పాయింట్ మైక్రో టీ1 మధ్యస్థ వెలుగులో ఒక బిళ్ల సెల్లుతో 50,000 గంటలు, అంటే అయిదేళ్లకు పైగా పనిచేస్తుంది. అదే సంస్థకు చెందిన కాంప్ ఎం4 ఒక పెన్సిల్ సెల్లుతో 80,000 గంటలు నిలుస్తుంది. 225 మిల్లీఆంపియర్ గంటలను 50,000తో భాగిస్తే అది వాడుకునేది నాలుగున్నర మైక్రోఆంపియర్లు మాత్రమే. అయితే ఈ అంకె వెలుగు స్థాయికి కట్టుబడి ఉంటుంది. మండుటెండలో చుక్క కనబడాలంటే వెలుగు పెంచాలి, పెంచినకొద్దీ ఆయువు వేగంగా తరుగుతుంది. రాత్రి అదే వెలుగు కంటిని మిరుమిట్లు గొలుపుతుంది.

మన్నికను సామర్థ్యం ఒక్కటే నిర్ణయించదు. తుపాకి పేలినప్పుడు కలిగే కుదుపుకు సెల్లు తన బరువు కొద్దీ తీగచుట్టను నొక్కుతుంది. ఆ క్షణంలో సంపర్కం తెగితే చుక్క మినుకుమంటుంది. బరువైన సెల్లుకు గట్టి తీగచుట్ట కావాలి. తేలికైన బిళ్ల ఈ కుదుపును సులభంగా తట్టుకుంటుంది. ఉష్ణోగ్రత మరో పరీక్ష. వేసవిలో 40 డిగ్రీలు దాటే పశ్చిమ కర్నూలు వంటి చోట్ల ఆల్కలైన్ సెల్లు త్వరగా ముసలిదవుతుంది. పూర్తిగా ఖర్చయ్యాక లోపలి క్షారద్రవం కారి లోహపు మొనలను తినేస్తుంది. పాత టార్చిలైటు మూత విప్పి చూసిన ప్రతి ఇంటికీ ఈ అనుభవం ఉంది. లిథియం బిళ్ల ఏళ్ల తరబడి నిలవ ఉన్నా ఏడాదికి ఒక శాతం మాత్రమే కోల్పోతుంది, కారే ప్రమాదం తక్కువ. పెన్సిల్ సెల్లుకు ఉన్న బలం లభ్యత. గోడగడియారాలు, రిమోట్లు వాడే ఏ ఊరి అంగడిలోనైనా అది దొరుకుతుంది. తూనికయంత్రాలు, కారు తాళాల పుణ్యమా అని బిళ్ల సెల్లు కూడా నేడు చిన్న పట్టణాల అంగళ్లకు చేరింది.

బ్యాటరీ అక్కరలేని మార్గం ట్రిటియం వెలుగు. దాని సగం ఆయువు 12.3 ఏళ్లు. ఆరదు, ఆర్పలేము. క్షీణించిన తరువాత వాడుకరి దాన్ని మార్చుకోలేడు. అణు పరిశ్రమ నుంచి వచ్చే ఆ పదార్థం సరఫరా అతి కొద్దిమంది చేతుల్లో ఉంటుంది. నిరీక్షణ వ్యయం కనబడకుండా పోయినచోట పరాధీనత పెరిగింది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, తుపాకి సాంకేతిక చరిత్ర ఏకముఖ ప్రగతి కాదు. జామగిలోని నిరీక్షణ వ్యయం చెకుముకితో పోయి, ఎర్ర చుక్కతో తిరిగివచ్చింది. రెండోది, మన్నిక వస్తువు గుణం మాత్రమే కాదు, నేలతో, వాతావరణంతో, అంగడితో దానికి గల సంబంధం. పొడినేలలో పత్తిజామగి, ఎండనేలలో లిథియం బిళ్ల మన్నడం ఇందుకు నిదర్శనం. మూడోది, అన్నింటికంటే ముఖ్యమైనది. ఆయుధం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న, దాన్ని సిద్ధంగా ఉంచే వస్తువు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నతో కలిపి అడిగితేనే పూర్తవుతుంది. ఆదోని భటుడు జామగిని తన ఊరి పత్తితో పేనుకున్నంతకాలం అతనిని లొంగదీయడానికి సైన్యం కావలసి వచ్చింది. నిప్పు రేవుకు, కర్మాగారానికి, అనుమతిపత్రానికి మారిన తరువాత సరఫరాను ఆపితే సరిపోయింది. నేటి సైనికుని రైఫిల్ మీద వెలిగే చుక్క వెనుక ఉన్న మూడు గ్రాముల బిళ్లను ఎవరు తయారుచేస్తున్నారన్నది కూడా ఆ పాత ప్రశ్నకు కొనసాగింపే.